మీటర్ బోర్డు ముల్లు వెనుక: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

కారు నడిపేవారి ఎదురుగా వేగం, ఇంజన్ చుట్లు, ఇంధనం, ఇంజన్ వేడి చూపే భాగాన్ని మన మెకానిక్కులు మీటర్ బోర్డు అంటారు. తయారీదారుల పత్రాలలో దాని పేరు ఇన్‌స్ట్రుమెంట్ క్లస్టర్. ఆ భాగం కోసమే రూపొందించిన మైక్రోకంట్రోలర్లను (ప్రోగ్రామ్ ప్రకారం పరికరాన్ని నడిపే చిప్‌లను) ఇంజనీర్లు ముందుగా ప్రయత్నించి చూడటానికి వీలుగా, చిప్‌ను, దానికి కావలసిన విద్యుత్ సరఫరాను, కొన్ని స్విచ్చులను, దీపాలను, కనెక్టర్లను ఒకే పలకపై అమర్చి చిప్ కంపెనీలు అమ్మే వస్తువు డెమో బోర్డు. ఇవి ఇప్పుడు కళాశాలల ప్రయోగశాలలలోను, పాత ఎలక్ట్రానిక్ సామాను అమ్మే దుకాణాలలోను చేతికి అందుతున్నట్లు ఉత్తరాలను బట్టి తెలుస్తున్నది. ఈ విషయంపై వచ్చిన ఉత్తరాలను ఈసారి ఒకచోట చేర్చాము.

ప్రశ్న: మా పాలిటెక్నిక్ ప్రయోగశాల బీరువాలో ఫ్రీస్కేల్ ఎస్12హెచ్‌వై కుటుంబానికి చెందిన డెమో బోర్డు ఏళ్ల తరబడి పడి ఉన్నది. చిన్న ఆర్డునో బోర్డులు చవకగా దొరుకుతున్న ఈ రోజుల్లో దీనిని విద్యార్థులకు ఇవ్వడంలో అర్థముందా? (ఒక అధ్యాపకుడు, రాజమహేంద్రవరం)

జవాబు: ఉన్నది. ముందుగా ఒక చిన్న సూచన: మోటరోలా నుంచి 2004లో విడివడిన ఫ్రీస్కేల్ సంస్థ 2015 చివరలో ఎన్‌ఎక్స్‌పీలో కలిసిపోయింది కాబట్టి, చిప్ పత్రాలను మీరు ఎన్‌ఎక్స్‌పీ పేరు మీద వెతకవలసి ఉంటుంది. ప్రోగ్రామ్‌ను ఎక్కించేది ఆరు పిన్నుల బీడీఎం (బ్యాక్‌గ్రౌండ్ డీబగ్ మోడ్) కనెక్టరు ద్వారా. బోర్డు మీదే ఆ ఏర్పాటు లేకపోతే విడిగా బీడీఎం పరికరం కావాలి. బీరువాలో బోర్డు పక్కనే అది కూడా ఉన్నదేమో చూడండి, ఎందుకంటే సాధారణంగా ముందు పోయేది అదే.

ఇది 16 బిట్ల చిప్. పెద్ద రకంలో కూడా ప్రోగ్రామ్‌కు 64 కిలోబైట్లు, పనిచేసే జ్ఞాపకానికి 4 కిలోబైట్లు మాత్రమే ఉంటాయి. నేటి లెక్కలో ఇది చాలా తక్కువే గాని, ఈ చిప్ విలువ అక్కడ లేదు. నాలుగు ముళ్ల మోటార్లను మధ్యలో మరో చిప్ లేకుండా తన పిన్నులతోనే నడపగలగడం, 40 గీతలను 4 ఉమ్మడి గీతలతో కలిపి 160 గళ్ల ఎల్‌సీడీ గాజు పలకను వెలిగించగలగడం, కారులోని కంప్యూటర్లు ఒకదానికొకటి సందేశాలు పంపుకునే క్యాన్ తీగలతో మాట్లాడగలగడం అనే మూడు పనులూ ఒకే చోట ఉండటం దీని ప్రత్యేకత. మీటరు ముళ్లకు విరివిగా వాడే ఎక్స్27.168 రకం మోటారునే తీసుకోండి. దాని ఒక్కొక్క కాయిల్ నిరోధం సుమారు 280 ఓంలు కాబట్టి 5 వోల్టుల వద్ద దాదాపు 18 మిల్లీఆంపియర్లు తీసుకుంటుంది. మోటారుకు రెండు కాయిళ్ల చొప్పున నాలుగు మోటార్లకు 144 మిల్లీఆంపియర్లు అవుతాయి. సాధారణ ఆర్డునో మీద ఉండే ఏటీమెగా328 చిప్ మొత్తానికి దాటకూడని హద్దు 200 మిల్లీఆంపియర్లు. ఇక హెచ్చరిక దీపాలకు, మిగతా పనులకు మిగిలేది 56 మాత్రమే. ఎల్‌సీడీ విషయం కూడా ఇటువంటిదే. ఆ గాజు పలకకు ఒకే దిశలో విద్యుత్తు నిలకడగా ఇస్తే లోపలి ద్రవం క్రమంగా పాడవుతుంది కాబట్టి క్షణక్షణం దిశ మారుస్తూ ఉండాలి. ఆ పనిని ఈ చిప్ ప్రోగ్రామ్‌కు భారం లేకుండా తనంతట తాను చేసుకుంటుంది. ఒక పరికరం కోసం చిప్‌ను ఎలా తీర్చిదిద్దుతారో చూపడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తోచడం లేదు.

కారు అవసరం లేదు. మొదట ఒక పొటెన్షియోమీటరును తిప్పితే ముల్లు కదిలేలా చేయించండి, తరువాత సిగ్నల్ జనరేటర్ నుంచి పల్సులు ఇవ్వండి, ఆ రెండూ కుదిరాక మరో బోర్డును ఇంజన్‌గా నటింపజేసి క్యాన్ తీగలతో కలపండి. రెండో మెట్టు దగ్గరే విద్యార్థులు ఎక్కువ కాలం ఆగుతారు. కింది ఉత్తరం అందుకు సాక్ష్యం.

ప్రశ్న: చక్రం ఒక చుట్టు తిరిగితే 4 పల్సులు వస్తాయనుకుని సిగ్నల్ జనరేటర్‌తో వేగాన్ని అనుకరిస్తున్నాను. 0.1 సెకనులో వచ్చిన పల్సులను లెక్కపెట్టినప్పుడు 60 కిలోమీటర్ల దగ్గర ముల్లు 52కు, 70కి మధ్య ఊగేది. మిత్రుడి సలహాపై, రెండు పల్సుల మధ్య కాలాన్ని టైమర్‌తో కొలిచేలా మార్చాను. ఇప్పుడు 60 వద్ద ముల్లు కదలకుండా నిలుస్తున్నది కాని, వేగం తగ్గిస్తూ 26 దగ్గరకు రాగానే ముల్లు డయల్ చివరకు వెళ్లి కొట్టుకుంటున్నది. 20 వద్ద 80 చూపుతున్నది. జనరేటర్ ఆపేస్తే ముల్లు సున్నాకు రావడమే లేదు. బోర్డు పాడైందా? (డిప్లొమా చివరి సంవత్సరం విద్యార్థి, కాకినాడ)

జవాబు: బోర్డు చక్కగా ఉన్నది. మీరు అంకెలను జాగ్రత్తగా రాసి పంపినందువల్ల మూడు లోపాలనూ ఇక్కడినుంచే చెప్పవచ్చు.

165/80 ఆర్14 టైరును ఆధారంగా తీసుకుంటే చక్రం చుట్టుకొలత సుమారు 1.946 మీటర్లు. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో చక్రం సెకనుకు 8.56 చుట్లు తిరుగుతుంది, అంటే సెకనుకు 34 పల్సులు వస్తాయి. 0.1 సెకనులో వచ్చేవి ఒకసారి 3, మరోసారి 4. అటువంటి కొలతలో ఒక్కొక్క పల్సు విలువ గంటకు 17.5 కిలోమీటర్లు కాబట్టి, మీ ముల్లుకు 52.5కు, 70కి మధ్య నిలవడానికి చోటే లేదు. లెక్కపెట్టే కాలాన్ని ఒక సెకనుకు పెంచితే ఊగడం తగ్గుతుంది గాని, బ్రేకు వేసిన సెకను తరువాత ముల్లు కదులుతుంది. అందువల్ల మీ మిత్రుడి సలహా సరైనదే.

రెండో లోపం ఆ సలహాను సగమే అమలుచేయడం వల్ల వచ్చింది. మీ టైమర్ మైక్రోసెకనుకు ఒక అంకె చొప్పున లెక్కిస్తున్నట్లున్నది. ఈ చిప్‌లో టైమర్ 16 బిట్లది. అది 65,535 తరువాత మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. 60 వద్ద రెండు పల్సుల మధ్య కాలం 29 మిల్లీసెకన్లే కాబట్టి ఇబ్బంది లేదు. గంటకు 26.7 కిలోమీటర్ల కంటే వేగం తగ్గితే ఆ కాలం 65.5 మిల్లీసెకన్లను దాటుతుంది, టైమర్ ఒక చుట్టు పూర్తిచేసి మళ్లీ మొదలవుతుంది, మీ ప్రోగ్రామ్‌కు మాత్రం మిగిలిన కొసరు అంకె ఒక్కటే కనిపిస్తుంది. 20 వద్ద అసలు కాలం 87,570 మైక్రోసెకన్లు. అందులోంచి 65,536 పోగా మిగిలిన 22,034ను వేగంగా మారిస్తే 79.5 వస్తుంది. మీరు చూసిన 80 అదే. 26 వద్ద మిగిలేది సుమారు 1,825 మాత్రమే. అది గంటకు 960 కిలోమీటర్లు, పాపం ముల్లు డయల్ చివరకు పోక ఏమి చేస్తుంది? టైమర్ ఎన్నిసార్లు నిండిందో లెక్కించి కలపడం ఒక పరిష్కారం. అంతకంటే సులువైనది, టైమర్ వేగాన్ని తగ్గించి అంకెకు 16 మైక్రోసెకన్లు పట్టేలా చేయడం. అప్పుడు టైమర్ నిండడానికి ఒక సెకనుకు పైగా పడుతుంది. 160 కిలోమీటర్ల వద్ద కూడా పల్సుకు 684 అంకెలు దొరుకుతాయి, కాబట్టి సూక్ష్మత పోదు.

మూడోది, ఆగిపోయిన చక్రం ఏ కబురూ పంపదు. పల్సు వచ్చినప్పుడు మాత్రమే వేగాన్ని లెక్కించే ప్రోగ్రామ్‌కు, పల్సులు ఆగిపోయాయన్న సంగతి ఎప్పటికీ తెలియదు. ఒక సెకను పాటు పల్సు రాకపోతే వేగం 1.75 కిలోమీటర్ల కంటే తక్కువేనని అర్థం కాబట్టి నిస్సంకోచంగా సున్నా చూపించండి. అలాగే ఒక్క పల్సు కాలాన్ని కాక వరుసగా నాలుగు పల్సుల మొత్తాన్ని వాడండి. జనరేటర్‌లో పల్సుల మధ్య ఎడం సమంగా ఉంటుంది, నిజమైన సెన్సర్ చక్రంలో పళ్ల మధ్య ఎడం అంత సమంగా ఉండదు. పూర్తి చుట్టును తీసుకుంటే ఆ తేడా కొట్టుకుపోతుంది.

ప్రశ్న: ఈఎస్‌పీ32 బోర్డుకు ఎక్స్27.168 మోటారును నేరుగా కలిపి వేగమాపకం చేశాను. డయల్ 0 నుంచి 160 వరకు, ముల్లు తిరిగే కోణం 240 డిగ్రీలు. కొంతసేపు పరీక్షించాక 60 చూపవలసిన చోట 64 చూపుతున్నది. విద్యుత్తు తీసి మళ్లీ ఇస్తే ముల్లు ఎక్కడ ఆగిందో అదే సున్నా అనుకుంటున్నది. (హైదరాబాద్)

జవాబు: ఈ మోటారులో ముల్లు ఎక్కడున్నదో చెప్పే ఏర్పాటేదీ లేదు. ప్రోగ్రామ్ తాను వేయించిన స్టెప్పులను (మోటారు ఒక్కోసారి కదిలే చిన్న అడుగులను) లెక్కపెట్టుకుంటూ, ముల్లు అక్కడే ఉండి ఉంటుందని నమ్ముతుంది, అంతే. కళ్లు మూసుకుని మెట్లు దిగేవాడు ఒక మెట్టు తప్పితే చివరి దాకా తప్పినట్లే.

లోపలి చిన్న అయస్కాంతపు రోటారు 180 చుట్లు తిరిగితే ముల్లు ఒక చుట్టు తిరుగుతుంది. అంటే రోటారు ఒక పూర్తి చుట్టుకు ముల్లు 2 డిగ్రీలు జరుగుతుంది. రోటారు పట్టు తప్పినప్పుడు సాధారణంగా పూర్తి చుట్టు వెనుకబడుతుంది కాబట్టి పొరపాటు 2 డిగ్రీల గుణిజంగా కనబడుతుంది. మీ డయల్‌లో 4 కిలోమీటర్లంటే 6 డిగ్రీలు, అంటే సరిగ్గా మూడు చుట్లు తప్పాయి. అది కూడా ముల్లు దిగేటప్పుడు తప్పాయి, ఎందుకంటే ఎక్కేటప్పుడు తప్పి ఉంటే 60 కంటే తక్కువ చూపించేది. మీరు వేగాన్ని ఒక్కసారిగా తగ్గించి పరీక్షిస్తున్నారని నా అనుమానం. ఈ మోటారు సెకనుకు 600 డిగ్రీల దాకా తిరగగలదు గాని, నిలిచి ఉన్న స్థితి నుంచి ఒక్క ఉదుటున ఆ వేగాన్ని అందుకోలేదు, ఆ వేగం నుంచి ఒక్క ఉదుటున ఆగనూ లేదు. స్టెప్పుకు స్టెప్పుకు మధ్య కాలాన్ని మొదట ఎక్కువగా ఉంచి క్రమంగా తగ్గించాలి, గమ్యం దగ్గరపడగానే మళ్లీ పెంచాలి. దీనికి తోడు ఈఎస్‌పీ32 పిన్నుల నుంచి వచ్చేది 3.3 వోల్టులే కాబట్టి కాయిల్‌లో 12 మిల్లీఆంపియర్లకు మించి పారవు, మోటారు బలం అంత మేరకు తగ్గుతుంది. 5 వోల్టులతో నడిచే వీఐడీ6606 వంటి డ్రైవర్ చిప్‌ను మధ్యలో పెట్టండి. ఒక్క చిప్ నాలుగు మోటార్లను నడుపుతుంది.

ఇక సున్నా సంగతి. విద్యుత్తు ఇవ్వగానే ముల్లును పూర్తి పరిధి అయిన 315 డిగ్రీల మేర నెమ్మదిగా వెనక్కి తిప్పి, లోపలి అడ్డుకు ఆనించి, అక్కడ లెక్కను సున్నా చేయాలి. అడ్డుకు ఆనిన తరువాత ముల్లు కాస్త అదురుతుంది. ఆ అదురు కనబడకుండా ఉండటానికి కొన్ని క్లస్టర్ చిప్‌లలో ఒక తెలివైన ఏర్పాటు ఉంటుంది: విద్యుత్తు ఇవ్వని కాయిల్‌లో, తిరుగుతున్న అయస్కాంతం వల్ల పుట్టే చిన్న వోల్టేజిని చిప్ గమనిస్తుంది, అది పుట్టడం ఆగిన క్షణమే రోటారు అడ్డుకు తగిలిందని గ్రహించి మోటారును నిలిపివేస్తుంది. కొన్ని కార్లలో తాళం తిప్పగానే ముళ్లన్నీ చివరి దాకా వెళ్లి తిరిగి రావడం చూసే ఉంటారు. అందులో సంబరం కొంత ఉన్నా, ముల్లు ఎక్కడా పట్టేయలేదని చూసుకోవడం కూడా కలిసే ఉన్నది.

ప్రశ్న: బోర్డు నుంచి ఇంజన్ చుట్ల సందేశాన్ని ఒక్కసారి పంపమని రాశాను. ఆసిలోస్కోపులో చూస్తే అదే సందేశం ఆగకుండా వస్తూనే ఉన్నది. తీగలకు ఇంకేమీ కలపలేదు. (ఆటో ఎలక్ట్రీషియన్, విజయవాడ)

జవాబు: తీగలకు ఇంకేమీ కలపకపోవడమే కారణం. క్యాన్ పద్ధతిలో సందేశం చివర ఒక చిన్న ఖాళీ ఉంటుంది. సందేశాన్ని సరిగా విన్న ఏ బోర్డయినా ఆ ఖాళీలో "అందింది" అని గుర్తు పెట్టాలి. వినేవారే లేకపోతే పంపినవాడు అందలేదనుకుని మళ్లీ పంపుతాడు. ప్రతి వైఫల్యానికి లోపాల లెక్క 8 చొప్పున పెరిగి, పదహారో వైఫల్యంతో 128కి చేరుతుంది. అక్కడి నుంచి ఈ ఒక్క కారణం మీద లెక్క ఇక పెరగకూడదని నియమం ఉండటం వల్ల, చిప్ తనను తాను తీగల నుంచి వేరు చేసుకోకుండా పంపుతూనే ఉంటుంది. రెండో బోర్డును కలపండి. దానిని వినడానికి మాత్రమే అనే స్థితిలో పెట్టకండి, ఆ స్థితిలో అది గుర్తు పెట్టదు.

రెండు బోర్డులూ కలిపాక కూడా మాట్లాడుకోకపోతే విద్యుత్తు ఆపి రెండు తీగల మధ్య నిరోధం కొలవండి. రెండు కొసలా 120 ఓంల నిరోధాలు ఉండాలి కాబట్టి మల్టీమీటరు 60 చూపాలి. 120 చూపితే ఒక కొస లేదు. తరువాత చూడవలసింది బిట్ రేటు. ఎంసీపీ2515 చిప్‌తో దొరికే చవక మాడ్యూళ్లలో చాలావాటికి 8 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ ఉంటుంది. ప్రోగ్రామ్ దానిని 16 అనుకుంటే, సెకనుకు 500 కిలోబిట్లు అని మీరు రాసినది తీగల మీద 250గా వెళుతుంది. క్రిస్టల్ మీద ముద్రించిన అంకె చదవడానికి భూతద్దం చాలు.

ప్రశ్న: మలుపుల్లో ట్యాంకులో పెట్రోలు అటూ ఇటూ ఊగుతున్నా ముల్లు ఎందుకు ఊగదు? ఆ పనిని డెమో బోర్డులో చేయబోతే నా ముల్లు అసలు విలువకు కొద్ది దూరంలోనే ఆగిపోతున్నది. (విశ్రాంత భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు, వరంగల్)

జవాబు: కొత్త కొలతకు, పాత విలువకు మధ్య తేడాలో 64వ వంతును మాత్రమే ప్రతిసారి కలుపుతూ పోతే ముల్లు ఆ ఊగుడును పట్టించుకోకుండా సగటు వెంట నడుస్తుంది; మీరు చేసినదీ అదేనని ఊహిస్తున్నాను. పూర్ణాంకాలతో లెక్క చేసే చిప్‌లో, తేడా 64 కంటే తగ్గగానే 64వ వంతు సున్నా అయిపోతుంది, ముల్లు అక్కడే ఆగుతుంది. విలువను 64 రెట్లు పెంచి దాచుకుని, చూపేటప్పుడు మాత్రమే భాగించండి. అయితే బండి ఆగి ఉన్నప్పుడు ట్యాంకు నింపించుకున్నవారు ముల్లు గబగబా ఎక్కాలని కోరుకుంటారు కాబట్టి, తాళం తిప్పిన వెంటనే కాసేపు ఈ నెమ్మదిని పక్కన పెట్టాలి.

ప్రశ్న: తిరిగిన కిలోమీటర్లను ప్రతి 100 మీటర్లకు ఒకసారి ఈఈప్రామ్‌లో (విద్యుత్తు పోయినా చెరగని జ్ఞాపకంలో) రాస్తున్నాను. ఇది సరైన పద్ధతేనా? (గుంటూరు)

జవాబు: మీ చిప్‌లోని ఈఈప్రామ్ గడికి లక్ష రాతల హామీ ఉన్నదనుకుంటే, ఒకే గడిలో రాస్తున్నారు కాబట్టి 10,000 కిలోమీటర్లకే ఆ హామీ తీరిపోతుంది. 32 గళ్లను వరుసగా వాడుతూ తిరిగి మొదటికి వస్తే 3,20,000 కిలోమీటర్ల దాకా వస్తుంది, అది కారు ఆయుష్షుకు సరిపోతుంది. చదివేటప్పుడు అన్నిటికంటే పెద్ద విలువను తీసుకోండి. రాస్తుండగా విద్యుత్తు పోతే ఆ గడిలో అర్థంలేని అంకె మిగలవచ్చు కాబట్టి ప్రతి విలువ పక్కన ఒక తనిఖీ అంకెను కూడా దాచండి.

ఇదే విషయంపై వచ్చిన మరో ఉత్తరం, అమ్మకానికి పెట్టిన కారు మీటరులో కిలోమీటర్లను తగ్గించే పద్ధతిని అడిగింది. దానికి ఈ శీర్షికలో జవాబు ఉండదు.

ప్రశ్న: నా పాత కారు మీటరు తీసేసి డెమో బోర్డును బిగించవచ్చా? (నెల్లూరు)

జవాబు: వద్దు. బల్ల మీద అడాప్టరుతో నడవడానికి చేసిన బోర్డు అది. కారులో 12 వోల్టులనేది పేరుకే. సెల్ఫ్ కొట్టినప్పుడు 6 వోల్టులకు, ఒక్కోసారి ఇంకా కిందికి పడిపోతుంది. ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ తీగ ఊడితే ఆల్టర్నేటరు నుంచి క్షణకాలం 100 వోల్టుల దాకా పొంగు రావచ్చు. అసలు మీటర్ బోర్డులో దీనిని తట్టుకునే భాగాలు ఉంటాయి, డెమో బోర్డులో ఉంటాయని అనుకోకూడదు. చట్టం మాట కూడా ఉన్నది: కేంద్ర మోటారు వాహనాల నియమాలలో 117వ నియమం ప్రకారం వేగమాపకం 10 శాతం హెచ్చుతగ్గులకు లోబడి వేగాన్ని చూపాలి. ఐక్యరాజ్యసమితి 39వ నిబంధనను పాటించే దేశాలలోనైతే అసలు వేగం కంటే తక్కువ చూపడమే కుదరదు, ఎక్కువ చూపడానికి మాత్రం అసలు వేగంలో పదో వంతుకు 4 కిలోమీటర్లు కలిపినంత వెసులుబాటు ఉన్నది.

మీ ఆసక్తి కారు మాటలను వినడమే అయితే, మీ కారుకు క్యాన్‌తో నడిచే ఓబీడీ కనెక్టరు (మెకానిక్కులు కారు లోపాలను చదివే చోటు) ఉన్న పక్షంలో, పాత మీటరును కదపకుండానే ఆ పని చేయవచ్చు. బోర్డును విడి బ్యాటరీతో నడపండి. ఓబీడీ కనెక్టరులో 6వ, 14వ పిన్నులు క్యాన్ తీగలు, 5వది సిగ్నల్ భూమి. బోర్డు మీద ఉన్న 120 ఓంల నిరోధాన్ని తప్పక తీసేయండి. కారులో రెండు ఇప్పటికే ఉన్నాయి, మూడోది చేరితే 60 ఓంలు 40కి పడిపోతుంది. 7డీఎఫ్ అనే గుర్తింపు సంఖ్యతో 02, 01, 0సీ అని (ఇవన్నీ హెక్సాడెసిమల్ అంకెలు) అడిగితే ఇంజన్ కంప్యూటర్ 7ఈ8 సంఖ్యతో బదులిస్తుంది. అందులో 0సీ తరువాత వచ్చే రెండు బైట్లలో మొదటిదాన్ని 256తో గుణించి, రెండోదాన్ని కలిపి, 4తో భాగిస్తే నిమిషానికి ఇంజన్ చుట్లు వస్తాయి. ఉదాహరణకు 26, 248 వస్తే 1,726 చుట్లు. బండి నిలిపి, హ్యాండ్ బ్రేకు వేసి, ఇంజన్‌ను మాత్రమే నడిపిస్తూ మొదటిసారి ప్రయత్నించండి; మీరు చేసిన ముల్లును, కారు సొంత ముల్లును పక్కపక్కన చూసుకోవడానికి ఆ స్థితి చాలు.